మహేశ్వరమ్మ కట్ట

తాండూరు నుంచి వికారాబాద్ పోయే రోడ్డు మీద, ఊరు దాటీ దాటగానే చంద్రకాంత్ నాపబండల దుకాణం. దుకాణం రోడ్డుకు ఈ పక్క, ఇల్లు ఆ పక్క. పెళ్లయిన కొత్తలో ఆ రెండు జాగాలూ కొన్నప్పుడు మధ్యలో ఉన్నది ఒకటీ అరా బస్సు పోయే సన్నటి తారుదారి. దుకాణంలో కూర్చుంటే ఇల్లు కనబడుతుంది, ఇంట్లో కూర్చుంటే దుకాణం కనబడుతుంది, కాపలా మనిషి అక్కర్లేదు అనుకున్నాడు. అప్పటికది మంచి బేరమే. తరువాత దారి వెడల్పయింది. సిమెంటు లారీలొచ్చాయి, కంకర టిప్పర్లొచ్చాయి. సెలవు రోజుల్లో అనంతగిరి చూడవచ్చిన హైదరాబాద్ కార్లు సరదాగా ఇటుదాకా రావడం మొదలుపెట్టాయి. రోడ్డు పక్క జాగాకు గిరాకీ పెరిగిందని చంద్రకాంత్ సంతోషించాడే తప్ప, ఇంటికీ దుకాణానికీ మధ్య దూరం కూడా పెరిగిందని గమనించలేదు.

ఆ దూరం మధ్యలోనే అతని భార్య మహేశ్వరి పోయింది.

చంద్రకాంత్ వ్యాపారి. ఏ నష్టమొచ్చినా అది ఎక్కడ మొదలైందో వెతకనిదే అతని మనసు ఊరుకోదు. భార్య పోయిన సంగతినీ అట్లాగే వెతికాడు. మహేశ్వరి తొందరపాటు మనిషి కాదు. బేరంలో అతనికన్నా గట్టిది. కొనడానికొచ్చినవాళ్లు "ఇంకో దుకాణంల చూసొస్తం" అని లేచే సమయానికి ఇంట్లోంచి మజ్జిగ గ్లాసులు పట్టుకుని రోడ్డు దాటి వచ్చేది.

"చూసి రా అన్నా, వద్దన్ననా? ఎండల తిరుగుతవు, మజ్జిగ తాగి పో. ఆడ బండలైతే దొరుకుతయి గాని గీ మజ్జిగ దొరకది" అనేది.

వాళ్లు కూర్చునేవాళ్లు. కూర్చున్నవాళ్లు కొనకుండా లేచేవాళ్లు కాదు.

ఆ రోజు కూడా ఒక బేరం ముగించి, ఖాళీ గ్లాసులతో ఇంటికి బయలుదేరింది. రోడ్డు అంచున ఆగింది. అటు చూసింది, ఇటు చూసింది. వికారాబాద్ వైపు నుంచి కారొకటి వస్తోంది, చాలా దూరంలో ఉంది. అంత దూరాన ఉన్న బండి ఇక్కడికి రావడానికి ఎంతసేపు పడుతుందో ఏళ్ల తరబడి దాటుతున్న ఆమెకు తెలుసు. అడుగేసింది. ఆ కారు మాత్రం ఆమెకు తెలిసిన ఏ బండిలాగానూ రాలేదు.

ఆమె లెక్క తప్పలేదని చంద్రకాంత్ తేల్చుకున్నాడు. రోడ్డంటే అంగడి. ఎదుటివాడు న్యాయంగా తూస్తాడన్న నమ్మకం మీదే అక్కడ ఎవరైనా అడుగేసేది. ముసలమ్మ దాటడమూ, ట్రాక్టర్ వాడు మలపడమూ, బస్సువాడు పక్కకు ఆపడమూ అన్నీ ఆ నమ్మకం మీదే నడుస్తాయి. మితిమీరి తోలేవాడు దొంగ తూకంరాయి పట్టుకుని అంగట్లోకి వచ్చినవాడు. వాడొక్కడు చాలు, న్యాయంగా ఉన్నవాళ్ల లెక్కలన్నీ తప్పిపోతాయి.

టీ కొట్టు దగ్గర ఒకసారి ఈ మాట అంటే, ఈయనెవరో తెలియని లారీ డ్రైవర్ ఒకడు నవ్వాడు.

"స్పీడు తోలెటోనికే పేరు పెడ్తరు సేటూ. నడిమిట్ల అడ్డం వచ్చెటోళ్లతోని మాకెంత పరేషానో మీకేమెర్క?"

పక్కనున్న బీరప్ప వాడి చేతిలోంచి సగం తాగిన గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టాడు. "లెవ్వన్నా. నీ బండి నువ్వు తోలుకో పో" అన్నాడు. బీరప్ప, అతని భార్య ఎంకమ్మ ఇద్దరూ చంద్రకాంత్ దగ్గరే పని. అతను బండలు లారీకెత్తుతాడు, ఆమె పాలిష్ మిషన్ దగ్గర బండలు కడుగుతుంది. ఎంకమ్మకు మహేశ్వరి అంటే సొంత అక్క లెక్క.

దినాలు అయిపోయాక చంద్రకాంత్ చేసిన మొదటి పని, పగిలిపోయి మూలన పడ్డ నీలం బండలన్నీ ట్రాలీలో వేయించి రోడ్డు మీద దింపించడం. బండ్ల వేగం ఆపాలని మట్టి కట్ట పోస్తే వానకు కొట్టుకుపోతుంది, తారు కట్ట వేస్తే లారీల బరువుకు అణిగిపోతుంది. అందుకని రోడ్డుకు అడ్డంగా తవ్వి, బండలను నిలువుగా ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి, సందుల్లో సిమెంటు పోశాడు. బండల ఊరివాళ్లు తప్ప ఇంకెవరూ కట్టని కట్ట అది. ఒక్కొక్క బండ తన చేత్తోనే నిలబెట్టాడు.

"గిది గవర్నమెంటు రోడ్డు గదా" అన్నాడు పక్క కిరాణా దుకాణం హన్మయ్య, మెల్లగా.

"రోడ్డు గవర్నమెంటుదే హన్మయ్యా. పోయిన మనిషి నాది."

"జర ఎత్తయితున్నట్టుంది సేటూ" అంది సిమెంటు తట్ట అందిస్తున్న ఎంకమ్మ.

"ఎత్తు లేకుంటె ఎవడాగుతడు? మనిషి పోతదని ఎవడూ బ్రేకు తొక్కడు ఎంకమ్మా. బండి కింద దెబ్బ తాకుతదని తొక్కుతడు."

ఆ లెక్క మాత్రం అక్షరాలా నిజమైంది. టిప్పర్లు ఆగాయి, కార్లు ఆగాయి. డ్రైవర్లు తిట్టుకుంటూ దాటేవాళ్లు. చంద్రకాంత్‌కు ఆ తిట్లు వినసొంపుగా ఉండేవి. హన్మయ్య మనుమరాలు భవ్యశ్రీ ఒక్కతే రోడ్డు దాటి బడికి పోవడం మొదలుపెట్టింది. ఎవరు మొదలుపెట్టారో గాని కట్ట చివర పసుపు కుంకుమ పడింది. కొత్త బండి కొన్నవాళ్లు చక్రం కింద నిమ్మకాయ పెట్టి దాటించడానికి అక్కడికే తెచ్చేవాళ్లు. బస్సులెట్లాగూ నిలబడినంత మెల్లగా పోవాలి గనుక జనం అక్కడే ఎక్కి దిగడం అలవాటు చేసుకున్నారు. కొన్నాళ్లకు కండక్టర్లు "మహేశ్వరమ్మ కట్ట, దిగేటోళ్లు రాండ్రి" అని పిలవసాగారు. దుకాణంలో కూర్చుని ఆ పిలుపు మొదటిసారి విన్న రోజు చంద్రకాంత్ లోపలికి పోయి, బండల వరసల మధ్య చాలాసేపు నిలబడి వచ్చాడు.

రోడ్ల ఆఫీసువాళ్లు పొక్లెయిన్ తెచ్చిన రోజు కట్ట మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"కట్టకు ఒక పద్ధతి ఉంటది సేటూ" అని వాళ్లతో వచ్చిన ఇంజినీరు ఓపికగా చెప్పాడు. "వాలుండాలె, తెల్లగీతలుండాలె, దూరంకెళ్లి కనబడెటట్టు బోర్డుండాలె. మీది కట్ట కాదు, గోడ."

"మరి పద్ధతైంది మీరెందుకు కట్టలే సారూ? మా ఆమె ఉన్నప్పుడు?"

ఇంజినీరు పొక్లెయిన్ డ్రైవర్‌ను వెనక్కి తిప్పమన్నాడు. పొక్లెయిన్ వచ్చిన దారినే పోయింది.

ఏడాది తిరిగేసరికి ఇంకొకటి మొదలైంది. మెల్లగా పోయేవాళ్లు కట్ట మీదినుంచి ఎక్కి దిగుతున్నారు. తొందర ఉన్నవాళ్లు మాత్రం తారు దిగి, పక్కనున్న మట్టి బాటలోంచి వేగం తగ్గించకుండా దూసుకుపోవడం నేర్చుకున్నారు. కాలినడక జనం పోయే బాట అది. చంద్రకాంత్ అక్కడ రాళ్లు పెట్టించాడు. ఎవరో పక్కకు దొర్లించారు. మళ్లీ పెట్టించాడు, మళ్లీ దొర్లించారు. పోయేది ఎవరో ఒకరిద్దరే కదా అనుకున్నాడు. కలిసొస్తున్న సరుకులో తరుగు ఎంచడం ఏ వ్యాపారికీ ఇష్టముండదు.

పుష్యమాసం చలి. పొద్దెక్కుతున్నా మంచు విడవలేదు. చంద్రకాంత్ దుకాణం షట్టర్ ఎత్తుతుంటే బీరప్ప మోపెడ్ చప్పుడు వినిపించింది. ఎంకమ్మ వెనకాల ఒక పక్కకు కూర్చుని, ఒడిలో సద్దిగిన్న పట్టుకుని వస్తోంది. కట్ట దగ్గర బీరప్ప ఎప్పటిలాగే మెల్లగా చేశాడు. ముందు చక్రం కట్ట మీదికి ఎక్కింది. అప్పుడు వెనకనుంచి హారన్ మోగింది. ఒక కారు తారు దిగి, వాళ్ల పక్కనుంచే, చీర కొంగు ఎగిరిపోయేంత దగ్గరగా మట్టిబాటలో దూసుకుపోయింది. బీరప్ప అదిరిపడి హ్యాండిల్ అటు తిప్పాడు. మంచుకు తడిసిన బండ మీద వెనక చక్రం జారింది.

ఎంకమ్మ వెల్లకిలా పడింది. నిలువుగా నిలబెట్టిన బండ అంచు మీద, సరిగ్గా నడుము మీద.

కారు కంకర చిమ్ముకుంటూ వెళ్లిపోయింది. చంద్రకాంత్ పరుగెత్తేసరికి ఎంకమ్మ కళ్లు తెరిచే ఉంది. ఏడవడం లేదు.

"సేటూ" అంది. "నా కాళ్లు ఏడున్నయి? జర చూడుండ్రి."

కాళ్లు అక్కడే ఉన్నాయి. ఒక చెప్పు ఊడిపోయింది. చంద్రకాంత్ ఆ చెప్పు తీసి ఆమె కాలికి తొడిగాడు. ఎందుకు తొడిగాడో అతనికే తెలియదు. తొడిగినట్టు ఆమెకు తెలియలేదు.

తాండూరులో చూసిన డాక్టర్ ఆమెను చెక్క పలక మీద పడుకోబెట్టి కట్టాడు. వెన్నుపూస దెబ్బ, ఇక్కడ కాదు, వికారాబాద్ తీసుకుపోండి, ఆలస్యం చేయవద్దు, కదిలించవద్దు అన్నాడు. అంబులెన్సు ఇంకో కేసు మీద కొడంగల్ పోయింది. చంద్రకాంత్ తన వ్యాన్ తెప్పించి, వెనక సీట్లు తీయించి, బొంతలు పరిపించి, పలకతో సహా ఎంకమ్మను అందులో పెట్టించాడు. తల దగ్గర బీరప్ప, కాళ్ల దగ్గర చంద్రకాంత్ కూర్చున్నారు. తోలేది ప్రవీణ్, దుకాణం సరుకు తోలే డ్రైవర్.

"జల్ది తోలు ప్రవీణ్."

ప్రవీణ్ తొక్కాడు. ఊరి చివర తమ కట్టను మెల్లగా ఎక్కించి దించి, ఆ తరువాత ముందున్న లారీని దాటేశాడు, బస్సును దాటేశాడు. ఎదురుగా వస్తున్న ఆటోవాడు భయపడి మట్టిలోకి దిగిపోయాడు.

"ఇంక తొక్కు. ఏం చూస్తున్నవ్?" అన్నాడు చంద్రకాంత్.

ధారూర్ ఇంకా రాలేదు. ఏదో పల్లె దగ్గర, మంచులో కనబడలేదు, కట్ట. వ్యాన్ ఎగిరి పడింది. ఎంకమ్మ అంతవరకూ లేని గొంతుతో అరిచింది. ఆ అరుపుకు బీరప్ప రెండు చేతులతో తన చెవులు మూసుకున్నాడు.

"ఏ లంగగాడు పెట్టిండ్రా గీ కట్ట నడి రోడ్డుల" అన్నాడు చంద్రకాంత్.

ప్రవీణ్ అద్దంలోంచి ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు. బీరప్ప తల దించుకున్నాడు. వెనక అద్దంలోంచి చంద్రకాంత్‌కు ఆ కట్ట కనబడింది. దాని పక్కన పసుపు రాసిన రాయి, రాయి మీద వాడిపోయిన బంతిపూల దండ.

"జర నిమ్మళంగ పోనీ" అన్నాడు.

ప్రవీణ్ తగ్గించాడు. మెల్లగా పోతుంటే ఎంకమ్మ మూలుగు తగ్గింది. కాని ఆమె ముఖం పాలిపోతోంది, పెదవులు ఎండిపోతున్నాయి. బీరప్ప "సేటూ, మాట్లాడ్తలేదు సేటూ" అన్నాడు.

"తొక్కు, తొక్కు" అన్నాడు చంద్రకాంత్.

"సేటూ, ఒక్క మాట చెప్పుండ్రి" అన్నాడు ప్రవీణ్, రోడ్డు మీదినుంచి చూపు తీయకుండా. "జల్ది పోవాల్నా, నిమ్మళంగ పోవాల్నా? రెండూ అంటే నాతోని కాదు."

ఎంత పెద్ద బేరగాడు అడిగినా జవాబు నాలుక చివర ఉండే మనిషి చంద్రకాంత్. అప్పుడు మాత్రం వంగి పలక కింది బొంత సర్దాడు. పల్లె తరువాత పల్లె, కట్ట తరువాత కట్ట. ఒక దగ్గర తారు కట్ట, ఒక దగ్గర లారీ టైర్లు పాతిన కట్ట, ఇంకొక దగ్గర పాత మోకు పరిచి మేకులు కొట్టింది. ఎవరి మనిషిని పోగొట్టుకుని వాళ్లు కట్టుకున్నవే అన్నీ. ప్రతి కట్ట దగ్గరా ఎంకమ్మ మూలిగింది. ఒకచోట ముసలామె చేతికర్ర ఆడిస్తూ "మీ ఇండ్లల్ల మనుషులు లేరారా, గంత స్పీడేంది" అని కేకలేసింది. చంద్రకాంత్ ఆమెకు కనబడకుండా తల వంచుకున్నాడు. అనంతగిరి మలుపులు ఎక్కేటప్పుడు పలక కదలకుండా తన ఒళ్లంతా దాని మీదికి ఆనించి పట్టుకున్నాడు.

వికారాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేశారు. ప్రాణానికి భయం లేదన్నారు. కాళ్ల సంగతి అడిగితే ఇప్పుడే చెప్పలేమన్నారు. ఆ మాట ఏ ధోరణిలో చెబితే ఏమర్థమో చంద్రకాంత్‌కు తెలుసు. సరుకు లేనప్పుడు తనూ అట్లాగే చెబుతాడు.

అతని కూతురు అక్షర వికారాబాద్‌లోనే ఒక బడిలో టీచర్. అక్కడే గది తీసుకుని ఉంటుంది, శనివారం ఇంటికొస్తుంది. సంగతి తెలిసి బడినుంచి నేరుగా వచ్చింది. ఎంకమ్మ దగ్గర కాసేపు కూర్చుని, బీరప్పకు అన్నం తినిపించి, తండ్రి దగ్గరికి వరండాలోకి వచ్చింది.

"కట్ట తీసేస్త బిడ్డ" అన్నాడు చంద్రకాంత్.

"ఎవరన్నరు తియ్యమని? బీరప్పనా?"

"ఆయన ఏమన్లే. అన్నా బాగుండు."

"మట్టిలకెళ్లి దూసుకపోయింది ఆ కారోడు. తప్పు వానిది. అమ్మను చంపినోడు గూడ గసోంటోడే. మళ్ల వాళ్లకే దారి సాఫ్ చేసిస్తవా నాన్న?"

"తప్పు వానిదే. నేను కాదంటలేను. కాని ఎంకమ్మ నడుం వాని కారు తాకి ఇరగలే. నేను నిలవెట్టిన బండకు ఇరిగింది."

అక్షర గోడకు ఆనుకుని నిలబడింది. నెమ్మదిగా అంది.

"శనారం బస్సెక్కుతనా. కండక్టర్ ఏడికి అంటడు. మహేశ్వరమ్మ కట్ట అంట. వారం మొత్తంల నా నోట్లకెళ్లి అమ్మ పేరు వచ్చేది గప్పుడొక్కటే నాన్న. ఇంట్ల నువ్వు ఆ పేరు తియ్యవు. నేను తీస్తే లేశి బయటికి పోతవు. ఎవరో ఎర్క లేని కండక్టర్, ఆయన ముంగట చెప్పుకుంట. గది గూడ తీసేస్తవా?"

రెండు పక్కలా నష్టమే ఉన్నప్పుడు తక్కువ నష్టం ఎంచుకోవాలని చంద్రకాంత్ ఎందరికో చెప్పాడు. తక్కెడకు ఒక తట్టలో పోయిన మనిషి పేరు, ఒక తట్టలో బతికున్న మనిషి నడుము. పేరు తట్ట తేలిపోవాలి నిజానికి. తేలలేదు. ఎందుకంటే ఆ తట్టలో భవ్యశ్రీ కూడా ఉంది, కూతురు కూడా ఉంది. ఎంకమ్మ తట్టలో రేపు పడబోయే ఇంకెవరో ఉన్నారు, ముఖం తెలియనివాళ్లు. ఏది బరువో చెప్పే తూకం అతని దగ్గర లేదు. లేకపోయినా తన చేతి పని తనదే.

"తీసేస్త బిడ్డ" అన్నాడు మళ్లీ.

అక్షర మళ్లీ ఎంకమ్మ దగ్గరికి పోయింది. అతను బయలుదేరినప్పుడు వ్యాన్ దాకా తోడు రాలేదు.

తాండూరు తిరిగిపోయే ముందు ఆ రోడ్ల ఆఫీసుకు పోయాడు. అదే ఇంజినీరు ఉన్నాడు. "పద్ధతైన కట్ట కట్టుండ్రి సారూ. వాలుతోని, గీతలతోని, మట్టిబాటల నుంచి గూడ పోకుండ" అన్నాడు. అనవలసిన మాటలు ఆ ఇంజినీరుకు చాలా ఉన్నాయి. ఒక్కటీ అనలేదు. "రాస్త సేటూ, మంజూరు పైకెళ్లి రావాలె" అన్నాడు.

మరునాడు పొద్దున చంద్రకాంత్ గడ్డపార పట్టుకుని రోడ్డు మీదికి దిగాడు. కూలీలను పిలవలేదు. బండలు ఊడి రాలేదు. కల్తీ లేకుండా ఇసుకా సిమెంటూ సరైన పాళ్లలో కలిపి పోసిన కట్ట అది. సరుకు మంచిది వాడినందుకు మనిషి బాధపడడం బతుకులో అదే మొదటిసారి. లారీలు ఆగి, పక్కనుంచి పోతూ, "మంచిగయింది, దరిద్రం పోతున్నది" అని డ్రైవర్లు నవ్వారు.

హన్మయ్య దుకాణంలోంచి లేచి వచ్చాడు. "మా పిల్ల ఇంక ఎట్ల దాటాలె సేటూ?"

"నేను దాటిస్త."

"బండలు కొననీకి మనుషులొచ్చినప్పుడు? నువ్వు ఊర్ల లేనప్పుడు?"

చంద్రకాంత్ గడ్డపార దించి మళ్లీ ఎత్తాడు. హన్మయ్య తన దుకాణానికి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి బీరప్ప వచ్చాడు, ఎంకమ్మకు బట్టలు తీసుకుపోవడానికి. మోపెడ్ పక్కన పెట్టి చూశాడు.

"నేను తియ్యమన్లే సేటూ."

"నువ్వన్లే బీరప్పా."

"ఎంకమ్మకు ఎరికైతె నాతోని కొట్లాడ్తది. రోజు పొద్దుగాల గీ కట్ట ఎక్కంగనే మహేశ్వరక్కా అని మొక్కుతుండె. ఆ రోజు గూడ మొక్కింది. మొక్కే చెయ్యి పైకున్నది గావట్టే పట్టుకోరాలేదేమో సేటూ, పడ్డప్పుడు."

చంద్రకాంత్ రోడ్డు పక్కనే కూలబడ్డాడు. బీరప్ప అతని చేతిలోంచి గడ్డపార తీసుకున్నాడు. బండలెక్కడ పొడిస్తే లేస్తాయో వాటిని మోసినవాడికి తెలుసు. పొద్దుగూకే వేళకు ఇద్దరూ కలిసి చివరి బండ పెకలించి, గుంతలో కంకర పోసి తొక్కి చదును చేశారు. పసుపు కుంకుమ అంటిన బండ ముక్కలను బీరప్ప ఒక పక్కకు మోశాడు. అవి దుకాణం గోడ పక్కన కుప్పగా ఉండిపోయాయి.

శనివారం వచ్చింది. అక్షర వస్తుందో రాదో తెలియదు. ఫోన్ చేసి అడిగే ధైర్యం లేక, సాయంత్రం చంద్రకాంత్ ఇంటి ముందుకొచ్చి రోడ్డు అంచున నిలబడ్డాడు. వికారాబాద్ బస్సు వచ్చింది. ఇక్కడ మెల్లగా చేయవలసిన పని ఇప్పుడు దానికి లేదు. వేగంగా దాటిపోయి, చాలా ముందుకు పోయి అవతలి పక్కన ఆగింది. అక్షర దిగింది. భుజాన సంచితో వెనక్కి నడిచి వచ్చి, దుకాణం ముందు, తండ్రికి ఎదురుగా నిలబడింది.

మధ్యలో బండ్లు పోతున్నాయి. ఒక లారీ, దాని వెనక కార్లు, ఒకదాన్నొకటి దాటాలని హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. ఒక బండికీ ఇంకొక బండికీ మధ్య ఎంత సందు దొరుకుతుందో, ఆ సందు నిజంగా ఉంటుందో ఉండదో చంద్రకాంత్‌కు అంతుబట్టలేదు. అవతల కూతురు పెదవులు కదిలాయి. ఏదో అంటోంది, ఈ చప్పుళ్లలో వినబడడం లేదు. కోపంగా ఉన్నట్టు లేదు. ఏడుస్తున్నట్టు ఉంది.

ఆమె అడుగు ముందుకు వేయబోయింది. చంద్రకాంత్ చెయ్యెత్తి ఆగమన్నాడు. ఆమె ఆగింది. ఒక టిప్పర్ వాళ్లిద్దరి మధ్యనుంచి దుమ్ము లేపుతూ పోయింది. దుమ్ము పోయాక మళ్లీ ఇద్దరూ ఒకరికొకరు కనబడ్డారు. అతను చెయ్యి దించలేదు.